శరత్కాలంలో చేనిగట్టున షికారు



ఉగాదినాడు శరత్కాలపు మాట ఎందుకని అడుగవచ్చును. కొత్త పంచాంగం చేతికి వచ్చినప్పుడే గదా రాబోయే ఋతువులను తలచుకొనేది!

తిరుత్తణి పక్కన మా కొద్దిపాటి చేలలో భాద్రపదం చివర, ఆశ్వయుజం మొదట నడవడం ఎంతో హాయి. ఎండ చురుకు కాస్త తగ్గి ఉంటుంది. ఈశాన్య ఋతుపవనపు పెద్దవానలు ఇంకా రావు. గట్టు దాటితే చిట్టడవి: తంగేళ్ళు, బలుసు పొదలు, రేగుకంపలు. తెల్లవారగానే కుక్కలు ముందు, మేము వెనుక. అవి కుందేలు జాడపట్టి ఉరకబోతే పేరుపెట్టి వెనుకకు పిలుస్తాము. పురుగూపుట్రా ఉంటుంది కనుక చేత కర్ర తప్పదు. ఇంటికి రాగానే కుక్కల చెవులు వెదకి పిడుదులు తీస్తాము.

1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లానుండి విడిపోయి మద్రాసు రాష్ట్రంలో చేరినది. నేడు అది తిరువళ్ళూరు జిల్లాలో ఉన్నది. మా పెద్దలు ఇల్లు కదలకుండానే ప్రవాసాంధ్రులయ్యారు. మా పిల్లలు బడిలో తంగేడును ‘ఆవారం’ అని నేర్చుకొంటారు, సంతోషమే. కాని ‘తంగేడు’ అన్న మాట వారికి ఎవరు చెప్పాలి? మనమే, ఈ గట్టుమీదనే చెప్పాలి. పుస్తకం పట్టని పిల్లవాడు కూడా కుక్కవెంట నడుస్తూ పది చెట్ల పేర్లు పట్టుకొస్తాడు.

ఈ శరత్తులో మీ పిల్లలను తీసుకొని తప్పక రండి.