చెంబు మీది పేరు
(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఎ. బకాయిల గురించి, వైద్య సదుపాయం గురించి నాకు ముందు మాట్లాడిన మిత్రులు వివరంగా చెప్పారు. నాకిచ్చిన పది నిమిషాలలో వేరొక సంగతి మనవి చేసుకుంటాను.

మన ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాలలో "రంగం వెళ్ళాడు" అన్న మాట వినని పాత ఇల్లు తక్కువ. రంగం అంటే బర్మాలోని రంగూన్. మనవాళ్ళు ఓడలెక్కి అక్కడ రేవు కూలికి, బియ్యం మిల్లులకు వెళ్ళేవారు. 1931 జనాభా లెక్కలలో రంగూన్ జనంలో సగానికి పైగా భారతీయులే. 1941 డిసెంబరు 23న జపాన్ విమానాలు ఆ నగరంపై బాంబులు వేశాయి. 1942 మార్చి 8న నగరం వారి వశమైంది. ఓడ దొరికినవారు ఓడలో వచ్చారు. దొరకని లక్షల మంది అడవులు, కొండలు దాటి నడిచారు. వేలాది మంది దారిలోనే పోయారు.

మా నాయనమ్మ, మా నాన్నగారు జనవరిలోనే ఓడలో వచ్చేశారు. నాయనమ్మ అన్నగారు మాత్రం "మిల్లులో రావలసిన జీతం అందుకుని వస్తాను" అని ఆగారు. మరి రాలేదు. ఆయన ఉత్తరపు దారి పట్టారని తరువాత ఎవరో చెప్పారు. ఉత్తరపు దారి అంటే హుకాంగ్ లోయ గుండా పాంగ్సావ్ కనుమ దాటి అస్సాంలోని లెడోకు వచ్చేది. మే నెలలో మిట్కినా కూడా పడిపోయాక జనం ఆ దారిన పడ్డారు. అంతలో వానలు. మోకాలి లోతు బురద, మలేరియా, విరేచనాలు, ఆకలి. ఆ తరువాత అమెరికా సైన్యం లెడో రోడ్డు వేస్తున్నప్పుడు దారి పొడవునా వారికి అస్థిపంజరాలు కనిపించాయి.

1984లో టెలిఫోన్ లైను పని మీద నేను ఆ కనుమకు ఇవతల ఉన్న నాంపోంగ్ వైపు వెళ్ళాను. ఒక టాంగ్సా పెద్దాయన ఇంట్లో మంచినీళ్ళు ఇచ్చారు. ఇచ్చిన చెంబు మన ఇత్తడి చెంబు! మెడ కింద చుక్కలతో కొట్టించిన తెలుగు అక్షరాలు. నా వెంట ఉన్న లైన్‌మన్ ద్వారా అడిగాను. తన చిన్నతనంలో, ఆ ఏడు వానలు వెలిశాక, తండ్రితో వెళ్తుంటే దారి పక్కన దొరికిందట. పక్కనే ఎముకలు ఉన్నాయట. ఇంకొంచెం వెనుక ఒక ట్రంకు పెట్టె. దాని రేకు ఇంటి కప్పుకు పనికొచ్చిందట.

ఆ దారిన నడిచి వచ్చిన మా ఊరి ముసలాయన ఒకరు చెప్పేవారు: ముందు కుట్టుమిషను, తరువాత పెట్టె, ఆ తరువాత పక్కబట్టలు పారేశాం, చెంబు మాత్రం వదలలేదు, నీళ్ళు తాగాలన్నా గంజి కాచుకోవాలన్నా అదే గదా అని. కాబట్టి చెంబు దొరికిన చోట మనిషి ప్రయాణం ముగిసిందనే అర్థం.

జీపు డ్రైవరు చీకటి పడుతోందని హారను కొడుతున్నాడు. చెంబు తిరిగి ఇచ్చేసి ఎక్కేశాను.

సెలవుకు వచ్చి నాయనమ్మతో చెప్పాను. ఆవిడ మంచం మీద లేచి కూర్చుని, "ఇంటిపేరేటి రాసుందిరా?" అంది.

నా దగ్గర జవాబు లేదు. జేబులో పెన్ను ఉంది, డైరీ ఉంది. రాసుకోలేదు. "అప్ప" అన్న రెండక్షరాలే గుర్తున్నాయి. మన జిల్లాలలో అప్పన్నలు, అప్పలస్వాములు, అప్పలనరసమ్మలు ఎందరు! ఆవిడ మళ్ళీ అడగలేదు. మరుసటి ఏడు పోయింది.

మిత్రులారా, బ్రతికి ఉన్నామని మనం ఏటా సర్టిఫికెట్ ఇస్తున్నాం. ఆ దారిలో పోయినవారికి బ్రతికినట్టూ కాగితం లేదు, పోయినట్టూ లేదు. అందుచేత నా విన్నపం ఒకటే. మీ ఇళ్ళలో రంగం వెళ్ళినవారి పేరు, ఇంటిపేరు, ఊరు, ఏ దారిన వచ్చారో, ఎవరు రాలేదో ఒక కాగితం మీద రాసి సంఘం కార్యాలయంలో ఇవ్వండి. అటకమీది పాత గిన్నెలు తూకానికి వేసే ముందు వాటిమీది పేర్లు చదవండి. మన పత్రికలో వరుసగా వేద్దామని కార్యదర్శిగారు మాట ఇచ్చారు.

మొదటి కాగితం నేనే ఇచ్చాను. అందులో మా నాయనమ్మ అన్నగారి పేరు పూర్తిగా రాశాను. సెలవు.