ఆట వెనుక రాత
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇంజనీరు కదా, వంతెనల గురించి చెబుతాడని మీరు అనుకొని ఉంటారు. నేను బేస్‌బాల్ గురించి చెబుతాను. ఎలా ఆడతారో కాదు, ఆ ఆట చరిత్రను ఎలా రాశారో చెబుతాను. యాభై ఏళ్ళ సంచిక వేస్తున్న మనకు అది పనికొచ్చే కథ.

బేస్‌బాల్‌ను ఎవరు కనిపెట్టారో తేల్చడానికి అమెరికాలో 1905లో ఒక కమిషన్ వేశారు. 1839లో కూపర్స్‌టౌన్ అనే ఊళ్ళో ఆబ్నర్ డబుల్‌డే కనిపెట్టాడని 1907లో అది తేల్చింది. దానికి ముఖ్య ఆధారం ఒక వృద్ధుడు జ్ఞాపకం మీద రాసిన ఉత్తరం. ఆయన మైనింగ్ ఇంజనీరు, మా వృత్తివాడే! నిజానికి ఆ ఏడాది డబుల్‌డే వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయంలో విద్యార్థి. అయినా 1939లో ఆ ఊళ్ళోనే బేస్‌బాల్ మ్యూజియం వెలిసింది. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో పనిచేసిన రాబర్ట్ హెండర్సన్ పాత పుస్తకాలు తిరగేసి, ఈ ఆట మూలాలు ఇంగ్లండులో ఉన్నాయని 1947లో పుస్తకం రాశాడు. 1744లో లండన్‌లో వచ్చిన ఒక పిల్లల పుస్తకంలోనే ఈ ఆట పేరు ఉంది.

1971లో అదే కూపర్స్‌టౌన్‌లో పదహారు మంది కూర్చుని 'సొసైటీ ఫర్ అమెరికన్ బేస్‌బాల్ రీసెర్చ్' పెట్టుకున్నారు. అందులో చేరాలంటే ప్రొఫెసరే కానక్కరలేదు, ఓపిక ఉంటే చాలు.

ఆ ఓపిక విలువ ఎంతో చూడండి. పెద్ద లీగుల్లో నల్లవారిని చేర్చుకోని కాలంలో వాళ్ళు తమ లీగుల్లో తాము ఆడుకున్నారు. ఆ స్కోర్లను చాలావరకు నల్లవారి పత్రికలే అచ్చువేశాయి. పరిశోధకులు ఏళ్ళ తరబడి ఆ పాత పత్రికల్లోంచి ఒక్కో మ్యాచ్ లెక్క ఏరి కూర్చారు. 2020లో ఆ లీగులకు పెద్ద లీగుల హోదా వచ్చింది. 2024లో ఆ అంకెలు అధికారిక రికార్డుల్లో చేరాయి. జీవితకాల బ్యాటింగ్ సగటులో .372తో జాష్ గిబ్సన్ అందరికన్నా పైకి వచ్చాడు. జాకీ రాబిన్సన్ 1947 ఏప్రిల్‌లో వర్ణభేదపు గీత దాటడానికి మూడు నెలల ముందే గిబ్సన్ చనిపోయాడు. తన పేరు మొదటి వరసలో చూసుకోలేదు.

ఆ చరిత్ర రాసినవాళ్ళలోనూ ఒక పేరు మరుగునపడింది. హెరాల్డ్ సేమూర్ రాసిన బేస్‌బాల్ చరిత్ర తొలి సంపుటి 1960లో వచ్చింది. మొత్తం మూడు సంపుటాల పరిశోధనలోనూ, రచనలోనూ ఆయన భార్య డొరొతీ సగపాలు పంచుకున్నారు. అట్ట మీద మాత్రం ఆయన పేరొక్కటే. ప్రచురణకర్తలు ఆమెను సహ రచయిత్రిగా గుర్తించడానికి యాభై ఏళ్ళు పట్టింది.

మన సంచికలో ప్రధానోపాధ్యాయుల పేర్లు, ఫస్టు ర్యాంకుల పేర్లు ఎలాగూ ఉంటాయి. బడిగంట కొట్టినవాళ్ళవి, మధ్యాహ్నం వంట చేసినవాళ్ళవి, కబడ్డీ ఆడిన ఆడపిల్లలవి, పదో తరగతి దాకా రాకుండా పనికి వెళ్ళిపోయినవాళ్ళవి ఎవరు రాస్తారు? వాళ్ళను ఎరిగినవాళ్ళు ఈ సభలోనే ఉన్నారు. మీ ఇళ్ళలోని పాత ఫొటోల వెనక పేర్లు, సంవత్సరాలు పెన్సిలుతో రాసి మన సంఘానికి ఇవ్వండి. గుర్తున్నవాళ్ళం ఉన్నప్పుడే ఈ పని అయిపోవాలి.