శ్వాసయంత్రమునుండి విముక్తి
(నాయుడుపేట మహాసభయందు చేసిన యుపన్యాసము)



స్వర్ణముఖీతీరమునందలి యీ నాయుడుపేటలో మనవారెల్లరు కూడిన శుభసమయమున రోగముల ప్రసంగమేల యని కొందఱు తలపవచ్చును. విద్యానిధివలెనే యిదియు మన యిండ్లకు సంబంధించినదే. ఇంటిపెద్దకు ఆయాసము ముదిరి, అర్ధరాత్రమున నెల్లూరికో తిరుపతికో చెన్నపట్టణమునకో కొనిపోయినపుడు, వైద్యుడు గొట్టము వేసి వెంటిలేటరు పెట్టవలయుననగానే, “యంత్రమెక్కినవారు దిగరు” అను మాట మనలో నొకరి నోట వెడలుచున్నది. ఆ మాటకు భయపడి కొందఱు చికిత్సను వలదనుచున్నారు. కొందఱు నడుమనే రోగిని ఇంటికి మరలించుచున్నారు. ఆ మాట యెంతవఱకు నిజమో విన్నవించుటయే మా యుద్దేశము.

చుట్ట, బీడీ, సిగరెట్టుల పొగవలనను, కట్టెలపొయ్యి పొగవలనను, గనులలోని దుమ్మువలనను పెక్కేండ్లకు ఊపిరిగొట్టములు ఇఱుకగును. దీనినే వైద్యులు సి.ఓ.పి.డి. యందురు. ఇందు గాలి లోనికి పోవుటకంటె వెలికి వచ్చుట కష్టము. మొదటి యూపిరి పూర్తిగా వెడలకమునుపే రెండవది వచ్చి చేరును, రొమ్ము ఉబ్బియుండును, శ్వాసకండరములు అలసిపోవును. దీనికి న్యుమోనియా తోడైనచో బొగ్గుపులుసుగాలి రక్తమున హెచ్చి రోగి మగతగొనును. ఇట్టి స్థితిలో మొదట ముఖమునకు బిగించు మాస్కుద్వారా గాలినిచ్చి, గొట్టమక్కఱలేకయే పలువురిని గట్టెక్కింపవచ్చును. అది చాలనపుడే గొట్టము. యంత్రము రోగమును కుదుర్చదు. మందులు పనిచేయువఱకు అలసిన కండరములకు విశ్రాంతి నిచ్చును.

అయితే ఆ విశ్రాంతియు మితిమీరరాదు. పనిలేని కండరము కొలదిదినములలోనే సన్నగిల్లును. గొట్టమున్నకొలది క్రొత్త న్యుమోనియా భయమును హెచ్చును. కావున యంత్రము పెట్టిన వెంటనే దానిని తీయు మార్గమునుగూడ వైద్యులు ఆలోచింతురు. ఇందులకు ఆంగ్లమున వాడు పదము చంటిబిడ్డకు పాలు మాన్పించుట యను అర్థము గలది. ప్రతి యుదయమున మత్తుమందు తగ్గించి రోగిని మేల్కొల్పుదురు. రక్తపుపోటు, ప్రాణవాయువు సరిగానున్నచో, యంత్రసాయమును మిక్కిలి తగ్గించియో తొలగించియో, అరగంట మొదలు రెండుగంటలవఱకు తనంత తాను ఊపిరి పీల్చనిత్తురు. ఊపిరి వడివడిగా పైపైన ఆడినను, చెమటలు పట్టినను, యంత్రమునకు మరల చేర్చి మఱునాడు చూతురు. ఒకనాటి పరీక్ష తప్పుట ఓటమి కాదు. దినమున కొకసారి యిట్లు పరీక్షించుటవలన, యంత్రపు టూపిరులను క్రమముగా తగ్గించుకొనివచ్చు పద్ధతికంటె సుమారు మూడురెట్లు త్వరగా గొట్టము తీయగలిగిరని 1995లో స్పెయిన్ వైద్యులు ప్రకటించిరి.

ఆయాసరోగుల విషయమున మఱి రెండు జాగ్రత్తలు గలవు. వారిలో పలువురి రక్తమున బొగ్గుపులుసుగాలి యెప్పుడును కొంత హెచ్చుగనే యుండును. యంత్రముతో దానిని ఆరోగ్యవంతుని మట్టమునకు దింపినచో, యంత్రము తీసినపిమ్మట ఆ మట్టమును నిలుపుకొనుశక్తి వారికి చాలదు. ప్రాణవాయువు సయితము అతిగా నీయరాదు. రక్తమున 88 మొదలు 92 శాతమువఱకు చాలును. ఇక ఊపిరి పరీక్ష తప్పినవారికిని దారి గలదు. 1998లో ఇటలీ వైద్యులు అట్టి రోగులను 50 మందిని రెండు భాగములు చేసి, ఒక భాగమునకు గొట్టము తీసి మాస్కుద్వారా గాలినిచ్చిరి. అరువది దినములకు వీరిలో 88 శాతము యంత్రమునుండి విడివడిరి. గొట్టముతోనే యుంచినవారిలో 68 శాతము మాత్రమే విడివడిరి. కావున దిగరను మాట సత్యము కాదు.

అందఱును దిగుదురనుటయు సత్యము కాదు. కొందఱికి కంఠమున రంధ్రము చేసి నెమ్మదిగా మాన్పవలసివచ్చును. కొందఱి ఊపిరితిత్తులు అంతకును ఓర్వలేవు. అందుచే రోగి బాగున్న దినములలోనే, ఎంతవఱకు చికిత్స కోరునో పెద్దలు ఆయన నోటనే విని యుంచుకొనుట మేలు. ఆయన కోరికను తెలిసికొనక, బంధువులు వరండాలో వాదులాడుకొని నిర్ణయించుట ధర్మము కాదు.

పోషకమహాశయులారా, చికిత్స పదునైదు దినములు సాగినచో రోగికి తోడున్నవారికి తిండియు పడకయు కఱవగును. రోగిని నడుమనే కొనిపోవుటకు ధనాభావమును ఒక కారణమే. తిరుపతిలోను నెల్లూరిలోను అట్టివారికి కులభేదమెంచక ఒక గదియు రెండుపూటల భోజనమును సమకూర్ప మన సంఘము పూనుకొనునేని, ఎందఱో రోగులు మాన్పుదల ముగియువఱకు ఆసుపత్రిలో నిలువగలరు. ఇండ్లకు మరలినవారి యెదుట చుట్ట వెలిగింపకుందము. వంటయింటి పొగను వెలికి పంపుదము. ఏటేట వైద్యులు చెప్పిన టీకాలు వేయింతము.

మన పెద్దల యూపిరి మన యింటి యాస్తి. దానిని నిలుపుటకు మీరెల్లరు పూనుకొందురుగాక యని ప్రార్థించుచున్నాము.