ఇంప్లాంటు ఆపరేషన్ అయిన తరువాత ఇంటివారు తెలుసుకోవలసిన సంగతులు

(రోగుల కుటుంబసభ్యుల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వార్డు వరండాలో బల్లల మీద కూర్చున్నవారిని "మీవారికి ఏం ఆపరేషన్ అమ్మా?" అని ఎవరైనా అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒకటే. "హెర్నియా అండీ." కేసు షీటులో మాత్రం పురుషాంగంలో ఇంప్లాంటు అమర్చినట్టు రాసి ఉంటుంది. నేను మిమ్మల్ని తప్పు పట్టడం లేదు. పక్క మంచం వాళ్ళకు మీ ఇంటి సంగతి చెప్పవలసిన అవసరం లేదు. కాని హెర్నియా అని చెప్పి చెప్పి, ఇంటికి వెళ్ళాక కూడా దాన్ని హెర్నియా లాగే చూసుకుంటే ప్రమాదం వస్తుంది. అందుకే ఈ రోజు ఈ విషయం మీతో మాట్లాడదలిచాను. సిగ్గుపడకండి. ఇరవై ఏళ్ళకు పైగా ఇవే పనులు చేస్తున్నాను, నాకు సిగ్గు లేదు.

ముందుగా ఒక మాట. ఈ ఆపరేషన్ అవసరమైన మనిషి చెడ్డవాడూ కాదు, చిన్నతనంలో ఏదో తప్పు చేసినందుకు వచ్చిన శిక్షా కాదు. చాలా ఏళ్ళుగా షుగరు ఉన్నవారికి రక్తనాళాలు, నరాలు దెబ్బతిని అంగస్తంభన ఆగిపోతుంది. ప్రోస్టేట్ క్యాన్సరుకు ఆపరేషన్ అయినవారికి, యాక్సిడెంటులో కటి ఎముక విరిగినవారికి కూడా ఇలా జరుగుతుంది. మాత్రలు, సూదిమందు పని చేయకపోయినా, పడకపోయినా, ఆ తరువాతే డాక్టరుగారు ఇంప్లాంటు మాట ఎత్తుతారు. ఇది ఈ మధ్య పుట్టిన ప్రయోగం కాదు. నీటితో నింపే రకం పరికరం గురించి 1973లోనే అమెరికాలోని హ్యూస్టన్‌లో బ్రాంట్లీ స్కాట్ అనే డాక్టరు, ఆయన తోటివారు ప్రకటించారు.

లోపల ఏం పెట్టారో ఇంటివారికి తెలియాలి. ఇందులో ముఖ్యంగా రెండు రకాలున్నాయి. ఒకటి వంగే కడ్డీల రకం. రెండు కడ్డీలు లోపల ఉంటాయి. అవసరమైనప్పుడు పైకి వంచుకోవాలి, తరువాత కిందికి వంచుకోవాలి. అవి ఎప్పుడూ కొంచెం గట్టిగానే ఉంటాయి. మన దేశంలో ముంబయికి చెందిన డాక్టర్ రూపిన్ షా రూపొందించినది ఈ రకమే, ఖర్చు తక్కువ. రెండోది నీటితో నింపే రకం. పురుషాంగం లోపల రెండు సిలిండర్లు, వృషణాల సంచిలో ఒక చిన్న పంపు, పొత్తికడుపులో మూత్రాశయం దగ్గర సెలైన్ నీళ్ళుండే ఒక సంచి. ఈ మూడింటినీ సన్నని గొట్టాలు కలుపుతాయి. పంపు నొక్కితే నీళ్ళు సిలిండర్లలోకి వస్తాయి, విడుదల బటను నొక్కితే తిరిగి సంచిలోకి పోతాయి. అన్నీ చర్మం లోపలే. బయటికి ఏమీ కనిపించదు. పంచె కట్టుకున్నా ప్యాంటు వేసుకున్నా ఎవరికీ తెలియదు.

ఇక ఆపరేషన్ అయిన మొదటి రోజులు. హెర్నియా కంటే నొప్పి ఎక్కువగా ఉంటుందని ముందే చెబుతున్నాను. మూత్రానికి గొట్టం పెట్టి ఉంటుంది, సాధారణంగా మరునాడు తీసేస్తారు. గొట్టం తీసిన తరువాత మూత్రం ధారగా వచ్చిందో లేదో మాకు చెప్పకుండా ఇంటికి వెళ్ళకండి. వృషణాల సంచి ఉబ్బి, నల్లగా, వంకాయ రంగులోకి మారుతుంది. ఆ కమిలిన రంగు తొడల దాకా దిగవచ్చు. ఇది చూసి ఒక పెద్దమ్మ "కుళ్ళిపోతోంది సిస్టరమ్మా" అని వార్డంతా వినపడేలా ఏడ్చింది. కుళ్ళడం కాదు, లోపల చేరిన రక్తం రంగు అది. రెండు మూడు వారాల్లో తగ్గిపోతుంది. ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి కాసేపు పెట్టి తీయండి. ఐసు నేరుగా చర్మం మీద పెట్టకూడదు.

లుంగీ కట్టుకుని వదులుగా తిరగడం మనవాళ్ళకు హాయి. ఈ కొన్ని వారాలు మాత్రం లుంగీ కింద బిగుతైన లోదుస్తు ఉండాలి, పురుషాంగం పొట్ట వైపు పైకి ఉండేలా పెట్టుకోవాలి. అది కిందికి వేలాడుతూ మానితే ఆ వంపులోనే మానిపోవచ్చు. ఎన్నాళ్ళు ఇలా ఉంచాలో డిశ్చార్జి కాగితంలో రాస్తాం, అది పారేయకండి.

బరువులు ఎత్తకూడదు. బరువు అంటే బియ్యం బస్తా ఒక్కటే అనుకుంటారు. గ్యాసు బండ, నీళ్ళ బిందె, ఎత్తుకోమని ఏడ్చే మనవడు, ఇవన్నీ బరువులే. నాలుగు నుంచి ఆరు వారాలు ఇవేవీ వద్దు. సైకిలు, మోటారు సైకిలు ఎక్కడం కూడా డాక్టరుగారు సరే అనేదాకా వద్దు. సీటు సరిగ్గా పుండు మీద ఒత్తుతుంది. చెరువు, కాలువ, బావి స్నానాలు మానాలి. డాక్టరుగారు ఒప్పుకున్న తరువాత బకెట్టు నీళ్ళతో స్నానం చేసి మెత్తని గుడ్డతో అద్ది ఆరబెట్టాలి, రుద్దకూడదు. విరేచనం గట్టిపడి ముక్కితే కుట్ల మీద భారం పడుతుంది. బొప్పాయి, అరటిపండు, ఆకుకూరలు, మంచినీళ్ళు ఎక్కువగా ఇవ్వండి. షుగరు ఉన్నవారికి మాత్రం పండు ఎంత ఇవ్వాలో అడిగి ఇవ్వండి. ప్రేమ కొద్దీ పూతరేకులు తెచ్చి పెడితే పుండు మానదు. పసుపు, కొబ్బరి నూనె, ఆకు పసరు, ఏదీ కుట్ల మీద రాయవద్దు.

ఇప్పుడు ఎక్కువసేపు చెప్పవలసిన సంగతికి వస్తున్నాను. ఈ ఆపరేషన్‌లో మేము భయపడేది ఇన్ఫెక్షన్‌కు. మొదటిసారి అమర్చినవారిలో వందకు ఒకరిద్దరికో ముగ్గురికో వస్తుంది. షుగరు అదుపులో లేనివారికి, రెండోసారి ఆపరేషన్ అయినవారికి ఇంకా ఎక్కువ. శరీరంలో బయటి వస్తువు ఉన్నప్పుడు క్రిములు దాన్ని పట్టుకుని ఉంటాయి, ఒట్టి మాత్రలకు లొంగవు.

షుగరు ఉన్న ఒక రైతు ఆపరేషన్ చేయించుకుని బాగానే ఇంటికి వెళ్ళాడు. భార్యతో సహా ఇంట్లో అందరికీ హెర్నియా అనే చెప్పాడు. మూడో వారంలో సాయంత్రాలు జ్వరం మొదలైంది. తల్లి కొట్టులో జ్వరం బిళ్ళ కొనిచ్చింది. తగ్గలేదు. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరకు తీసుకెళ్తే, ఆయనకూ హెర్నియా అనే చెప్పారు. ఆయన రెండు సూదులు వేశాడు. లోపల పంపు దగ్గర నొప్పి పెరుగుతోందని, పంపు చర్మానికి అతుక్కుపోయినట్టుందని ఆ రైతుకు తెలుసు. ఎవరితో చెప్పాలి? ఎలా చెప్పాలి? పది రోజులు ఓర్చుకున్నాడు. మా దగ్గరకు వచ్చేసరికి చీము బయటికి వస్తోంది. పరికరం మొత్తం తీసివేయవలసి వచ్చింది. ముందుగా వస్తే కొందరికి లోపలంతా కడిగి అప్పుడే కొత్తది పెట్టే వీలుంటుంది. ఆయనకు ఆ వీలు దాటిపోయింది. ఒకసారి తీసేశాక లోపల కండ గట్టిపడి, పొడవు తగ్గి, మళ్ళీ పెట్టడం కష్టమవుతుంది. ఇంప్లాంటు పెట్టిన తరువాత సహజమైన అంగస్తంభన తిరిగి వస్తుందని ఆశ పెట్టుకోవడానికీ లేదు. అప్పుచేసి పెట్టిన డబ్బు, ఆ ఇద్దరి ఆశ, రెండూ పోయాయి. ఆ రోజు ఆ భార్య నన్ను అడిగిన మాట ఇప్పటికీ గుర్తుంది. "నాతో ఒక్క మాట చెబితే నేను ఆ రోజే తీసుకొచ్చేదాన్ని గదా సిస్టరమ్మా."

కాబట్టి జ్వరం, చలి, రోజురోజుకూ తగ్గవలసిన నొప్పి పెరగడం, ఎర్రబడి వేడిగా ఉండడం, చీము, కుట్లు విడిపోవడం, పంపు చర్మానికి అతుక్కున్నట్టు ఉండడం, చర్మంలోంచి పరికరం కనిపించడం, మూత్రం రాకపోవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా ఆ రోజే రండి. ఆదివారమైనా, రాత్రయినా సరే. ఈ ఇన్ఫెక్షన్ కొందరికి నెలల తరువాత కూడా బయటపడుతుంది. ఊరందరికీ చెప్పమనడం లేదు. ఇంట్లో ఒక్కరికైనా నిజం తెలియాలి. ఆ ఒక్కరు భార్య అయితే మంచిది.

వాడడం నేర్చుకోవడం గురించి. నీళ్ళ రకం పెట్టినవారికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాల మధ్య పంపు ఎలా వాడాలో ఓపీలో నేర్పుతారు. కొందరికి ముందుగానే, రోజూ స్నానం చేసేటప్పుడు పంపును మెల్లగా కిందికి లాగి పెట్టుకోమంటారు, అది పైకి ఎక్కి నిలిచిపోకుండా. చెబితేనే చేయండి.

బీపీ చూసేటప్పుడు మేము నొక్కే రబ్బరు బుడ్డ మీరంతా చూశారు. పంపు దాదాపు అలాంటిదే, చాలా చిన్నది. ఒక చేత్తో పంపు జారకుండా పట్టుకోవాలి. రెండో చేతి బొటనవేలు, చూపుడువేలుతో పూర్తిగా నొక్కాలి, వదలాలి, బుడ్డ మళ్ళీ నిండేదాకా ఆగాలి, మళ్ళీ నొక్కాలి. మొదటిసారి బాగా బిగువుగా ఉంటుంది, నొప్పి కూడా ఉంటుంది. చాలామంది రెండుసార్లు నొక్కి "పని చేయడం లేదు" అంటారు. పది, పదిహేను, ఇరవై సార్లు కూడా నొక్కవలసి రావచ్చు. చాలినంత గట్టిపడ్డాక ఆపాలి. నీళ్ళు దించడానికి విడుదల బటను ఉంటుంది. కొన్ని పరికరాల్లో దాన్ని ఒకసారి నొక్కితే చాలు, కొన్నింటిలో కొన్ని సెకన్లు నొక్కి పట్టుకోవాలి. తరువాత పురుషాంగాన్ని మెల్లగా పిండితే నీళ్ళు వెనక్కి పోతాయి. పక్క ఊరి ఆయనకు అమర్చినది వేరే కంపెనీది కావచ్చు, ఆయన చెప్పినట్టు చేయకండి. డాక్టరుగారి బల్ల మీద నమూనా ఉంది, దాన్ని చేత్తో పట్టుకుని నొక్కి చూడండి. వేళ్ళలో బలం లేనివారికి, కీళ్ళవాతం ఉన్నవారికి పంపు కష్టమైతే భార్య నొక్కవచ్చు. అందులో తప్పేమీ లేదు.

మొదట్లో రోజూ ఇంట్లో తలుపు వేసుకుని నింపడం, కొద్ది నిమిషాలు ఉంచడం, దించడం, ఇది సాధన. ఎన్నిసార్లో చెబుతాం. స్నానాల గదిలో గోరువెచ్చని నీళ్ళు పోసుకున్న తరువాత చేస్తే నొప్పి తక్కువ. ఇంట్లో కాస్త చాటు దొరికేలా చూడవలసింది మీరే. నలుగురు పడుకునే ఒకే గదిలో ఆ మనిషి ఎక్కడ నేర్చుకుంటాడు?

కాపురం మొదలుపెట్టడం సుమారు ఆరు వారాల తరువాత, అదీ డాక్టరుగారు చూసి చెప్పాకే.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. మొదట్లో నేను ఈ మాటలన్నీ మగవారికే చెప్పి, "మీరు కాసేపు బయట కూర్చోండమ్మా" అని భార్యలను పంపేసేదాన్ని. ఒకామె నాలుగు నెలల తరువాత మందుల కౌంటరు దగ్గర నా కొంగు పట్టుకుని నెమ్మదిగా అడిగింది, "నా బరువు పడితే అది లోపల పగిలిపోదుగదా?" అని. నాలుగు నెలలుగా ఆ భయంతో దూరంగా ఉంది. ఆయనేమో ఆమెకు తనంటే అసహ్యం కలిగిందనుకుని మౌనంగా ఉన్నాడు. పగలదమ్మా, ఆ పని కోసమే చేసిన వస్తువు అది అని చెప్పాను. అప్పటినుంచి ఇద్దరినీ కూర్చోబెట్టే చెబుతున్నాను.

భార్యలు అడిగే మిగిలినవి కూడా చెబుతాను. స్పర్శ, సుఖం ఇంప్లాంటు వల్ల పోవు. ఇంతకు ముందు వీర్యం వచ్చేవారికి ఇప్పుడూ వస్తుంది. ప్రోస్టేట్ తీసేసినవారికి ముందే రాదు, ఇప్పుడూ రాదు. పిల్లలు పుట్టడానికి ఇంప్లాంటు అడ్డం కాదు. పొడవు పెరగదు, కాస్త తగ్గినట్టు కూడా అనిపించవచ్చు. ముందు భాగం మెత్తగా ఉండవచ్చు. ఇది కోరికను పుట్టించే వస్తువు కాదు. నెలసరి ఆగిన ఆడవారికి తడి తక్కువగా ఉంటుంది, నీటితో చేసిన జెల్లీ మందుల షాపులో దొరుకుతుంది, వాడుకోండి. మగవారికి ఒక మాట. పంపు నొక్కితే మీరు సిద్ధం. ఆవిడ ఆ రోజు పొలం పని చేసి, వంట చేసి అలిసిపోయి ఉండవచ్చు. ఆవిడను అడగండి.

ఈ పరికరం మనిషి చేసిన వస్తువు. చాలామందికి పది, పదిహేనేళ్ళు పని చేస్తుంది. ఎప్పుడో గొట్టం కారవచ్చు. కారేది ఒట్టి సెలైన్ నీళ్ళే, వాటివల్ల ఒంటికి హాని లేదు. మళ్ళీ ఆపరేషన్ చేసి మార్చవచ్చు.

చివరిగా కార్డు సంగతి. డిశ్చార్జి రోజు ఇచ్చే ఇంప్లాంటు కార్డును ఆయన జేబులో ఒకటి, జిరాక్సు తీసి మీ దగ్గర ఒకటి ఉంచండి. రేపు మరే జబ్బుతోనో వేరే ఆసుపత్రికి వెళితే, మూత్రపు గొట్టం పెట్టకముందు, ఎంఆర్ఐ తీయకముందు ఆ కార్డు చూపించాలి. సిలిండర్లలో నీళ్ళు దించకుండా గొట్టం తోస్తే దెబ్బ తగలవచ్చు. ఆయన స్పృహలో లేకపోతే ఆ మాట చెప్పవలసింది మీరు. అక్కడ కూడా హెర్నియా అనకండి.

ఆరో వారం చూపించుకోవడానికి వచ్చేటప్పుడు ఇద్దరూ కలిసి రండి. ఓపీలో తలుపున్న గది ఉంది. చీటీ మీద ఏమీ రాయించనక్కరలేదు, సిస్టరుగారిని కలవాలి అనండి, లోపలికి పంపిస్తారు.