చెక్కుబుక్కు ఎవరి చేతిలో?

కొత్తగా వ్యాపారంలోకి దిగుతున్న స్త్రీలకు నాలుగు మాటలు చెప్పమన్నారు. ధైర్యం గురించి చెప్పను. డ్వాక్రా పొదుపు సంఘాలు నడిపిన స్త్రీలకు ధైర్యం నేర్పేంతటి దాన్ని కాదు. కాగితాల గురించి మాట్లాడతాను.

హైదరాబాదులో 2015లో టీ-హబ్ వచ్చింది. 2018 మార్చి 8న స్త్రీల కోసమే వీ-హబ్ మొదలైంది. వెళ్లండి. పెట్టుబడి దొరక్కపోయినా, మీకన్నా ముందు దెబ్బలు తిన్నవాళ్లు కనిపిస్తారు. ఏ కొనుగోలుదారు ఎన్ని నెలలు తిప్పి డబ్బిస్తాడో వాళ్లకే తెలుసు. అయితే సమావేశం సాయంత్రం ఏడింటికి పెడితే వంటా, పిల్లలూ ఎవరు చూడాలి? అది ముందు ఇంట్లో తేలాలి.

ఇక అసలు సంగతి. 2016లో మొదలైన స్టాండప్ ఇండియా పథకంలో, సంస్థ అయితే 51 శాతం వాటా స్త్రీదో, ఎస్సీ, ఎస్టీ వ్యక్తిదో అయి ఉండాలని షరతు పెట్టారు. మంచి షరతే. కానీ కాగితం మీద వాటా భార్యది, చెక్కుబుక్కు భర్త జేబులో! సర్పంచి పదవుల్లో మనం చూసిందే కదా. అప్పు తీరకపోతే నోటీసు మాత్రం ఆమె పేరునే వస్తుంది. అందుకే వాటాల పత్రాలు, జీఎస్టీ పాస్‌వర్డు, ఓటీపీ వచ్చే ఫోను మీ దగ్గరే ఉంచుకోండి. చదవకుండా సంతకం పెట్టకండి, అడిగింది అన్నదమ్ముడైనా సరే.

ఉద్యమ్ నమోదుకు రుసుము లేదు. ఏజెంటు అడిగితే ఇవ్వకండి. ముద్ర రుణానికి తాకట్టు అక్కర్లేదు. బ్యాంకులో నగలు తెమ్మంటే, ఆ మాటే రాసిమ్మనండి.