ముందు మాట, తర్వాతే కాయితం



ఈ మధ్య మన యూత్ పనంతా ఫోన్లోనే నడుస్తోంది. గ్రామసభ ఉందంటే వాట్సాప్ గ్రూపులో మెసేజ్ పెడతాం. పదిమంది చూశారంటే ఊరందరికీ తెలిసిందనుకుంటాం. కానీ ఆ గ్రూపులో మన అవ్వ లేదు. సిగ్నల్ అందని గూడెం లేదు. కోయలోనో గోండిలోనో తప్ప మనసు విప్పి మాట్లాడలేని తాత లేడు. పోడు ఎప్పటి నుంచి కొడుతున్నామో, దేవుడి గుట్ట హద్దు ఎక్కడిదాకో చెప్పగలిగింది మాత్రం వాళ్లే.

డిగ్రీ చదివాం కాబట్టి రాసిందే గొప్ప అనుకోవద్దు. చట్టం కూడా అలా అనలేదు. 2006 అటవీ హక్కుల చట్టానికి 2008లో నియమాలు వచ్చాయి. వాటిలో 13వ నియమం ఏవేవి సాక్ష్యాలో చెబుతుంది. రికార్డులు, మ్యాపులతో పాటు, హక్కు అడిగేవాళ్లు కాకుండా వేరే పెద్దలు చెప్పిన మాటను రాసి పెట్టినా అది సాక్ష్యమే. అంటే తాత నోటి మాటకు చట్టంలో చోటుంది. కానీ అది రాయాలంటే ముందు ఎవరో ఒకరు తాత పక్కన కూర్చుని వినాలి కదా!

అవే నియమాలకు 2012లో సవరణ జరిగింది. దాని ప్రకారం గ్రామసభకు సభ్యుల్లో కనీసం సగం మంది రావాలి. వచ్చినవాళ్లలో మూడో వంతు ఆడవాళ్లుండాలి. రావాలి అంటే మనిషి రావాలి. ఇంటింటికీ తిప్పిన సంతకాల కాయితం సభ కాదు. గుమ్మంలో వేలిముద్ర వేసే అక్క ఎవర్ని ప్రశ్న అడుగుతుంది? అదే అందరి మధ్య కూర్చుంటే ఒకరికి వచ్చిన అనుమానం ఇంకొకరికి ధైర్యమవుతుంది. ఎవరు భయపడి ఊరుకున్నారో కూడా కళ్లకు కనిపిస్తుంది.

ఒడిశాలోని నియమగిరి గుర్తు చేసుకోండి. బాక్సైట్ తవ్వకం కేసులో డోంగ్రియా కోందుల హక్కుల విషయం గ్రామసభల ముందు పెట్టమని 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ జులై, ఆగస్టుల్లో 12 ఊళ్లలో సభలు జరిగాయి. జడ్జి ఎదుటే జనం లేచి, తమ భాషలో, తమ కొండ గురించి మాట్లాడారు. 12 సభలూ వద్దన్నాయి. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ ఆ గనికి అనుమతి నిరాకరించింది.

అయితే ఒక్కటి. ఆ మాటలు తీర్మానాలుగా రాసి ఉన్నాయి కాబట్టే ఢిల్లీ దాకా వెళ్లాయి. రాయకపోతే రేపు "మీరు అలా అనలేదు" అంటారు. కాయితం మనకు శత్రువు కాదు. మాట కంటే ముందు వచ్చిన కాయితంతోనే ప్రమాదం.

అందుకే యూత్‌కు మూడు పనులు చెబుతున్నా. సభకు ముందే ప్రతి గూడేనికి నడిచి వెళ్లి, విషయం వాళ్ల భాషలో చెప్పాలి. సభలో తీర్మానం రాశాక గట్టిగా చదివి, మన భాషలో వివరించి, "మీరన్నది ఇదేనా?" అని అడగాలి. అవునన్నాకే సంతకం. ఖాళీ కాయితం మీద సంతకం అసలొద్దు. మూడోది, తీర్మానం కాపీ ఒకటి ఊళ్లోనే ఉండాలి.

మన చదువు పెద్దల మాటను మోసుకెళ్లాలి గానీ, దాని నోరు మూయకూడదు. మెసేజ్ పెట్టండి, తప్పులేదు. పెట్టాక లేచి నడవండి.

జై ఆదివాసీ! జల్, జంగల్, జమీన్ మనవే!