తెర గరుకు: ల్యాప్‌టాప్ ప్యానెళ్ల తారతమ్య విచారము



ల్యాప్‌టాప్ తెరలనుగూర్చి అంగడిలో వినవచ్చు మాటలన్నియు అంకెలతో మొదలై అంకెలతోనే ముగియుచున్నవి. కొలత యెన్ని అంగుళములు, చుక్కలు అడ్డముగా నెన్ని, నిలువుగా నెన్ని, వెలుగెన్ని నిట్లు, వర్ణవ్యాప్తి నూటి కెంత: ఇవి తెలిసినచో తెర గుణమంతయు తెలిసినట్లేయని కొనువారును అమ్మువారును భావింతురు. ఈ యంకెలు అసత్యములని నేననను. కాని, దినమున కెనిమిది గంటలు తెల్లని పుటమీద నల్లని యక్షరమును, ఆ యక్షరము క్రింద నక్కియున్న యొత్తును వెదకు మనబోటివారి కంటికి మొట్టమొదట తగులునట్టిదియు, ఆ పట్టికలో నే గడియందును చోటు దొరకనట్టిదియు నైన గుణ మొకటి కలదు. స్వచ్ఛముగా నుండవలసిన తెలుపుమీద బొంబాయి రవ్వ పలుచగా చల్లినట్లు కనబడి, తల యించుక కదపగానే ఆ రవ్వయు కదలి తళుకుమని, కొంతసేపటికే కన్ను మెరమెరలాడునట్లు చేయు ఆ గరుకునుగూర్చియే నేడు ప్రధానముగా ప్రసంగింపదలచితిని.

ఈ గరుకు ఒక్క దోషము కాదు. తెర యనునది పెక్కు పొరల కూర్పు. ఆ పొరలలో కొన్నింటియందు వేర్వేరు కారణములచే గరుకు పుట్టగలదు. ఏ పొరలో పుట్టినదో యెరుగక, ఎక్కువ చుక్కలున్నది కొందమని యొకరు, ఎక్కువ ధరది కొందమని యొకరు బయలుదేరినచో సొమ్ము పోవును గాని గరుకు పోదు.

ఆ పొరలను మొదట సంగ్రహముగా పరికింతము. వెనుకనుండి దీపపు వెలుగు వచ్చును. దానిని సమముగా పరచు పలుచని పత్రములు, ఆ వెలుగును ఒక్క దిశకు కట్టుపరచు ధ్రువణపత్రము, ట్రాన్సిస్టర్లు పరచిన గాజు, కొన్ని మైక్రానుల మందమున ద్రవస్ఫటికము, ఎరుపు ఆకుపచ్చ నీలము వడపోతలు గల మరియొక గాజు, మరల నొక ధ్రువణపత్రము, దాని ముఖమున పైపూత, ఇది వరుస. ద్రవస్ఫటికమును 1888లో ప్రాగు నగరమున ఫ్రీడ్రిఖ్ రైనిట్జరు అను వృక్షశాస్త్రజ్ఞుడు గుర్తించెను. కొలెస్టరాలుతో చేసిన యొక పదార్థము 145.5 డిగ్రీల వద్ద కరగి మసక ద్రవమై, 178.5 డిగ్రీల వద్ద మరల నిర్మలమగుట చూచి యతడు విస్మితుడయ్యెను. 1970లో బాజెలు నగరమున షాట్, హెల్ఫ్రిఖ్ అను నిరువురు ఆ యణువులను మెలిపెట్టి నిలిపి, వాటిచేతనే వెలుగును ఆపుటకును విడుచుటకును ఉపాయము పన్నిరి. అదియే టీఎన్ ప్యానెలు. అణువులు లేచి నిలుచు నీ పద్ధతిలో చూచు కోణము మారగానే ఛాయ మారును. పుట శిరోభాగము నల్లబడి పాదభాగము వెలవెలబోవుట చౌక యంత్రములలో మీరెల్లరు నెరిగినదే. 1996లో హిటాచీ సంస్థ అంగడికి తెచ్చిన ఐపీఎస్ పద్ధతిలో అణువులు గాజునకు సమాంతరముగానే తిరుగును గనుక ఆ వికారము చాలవరకు శమించినది. ఈ చరిత్రలో మన దేశమునకును భాగము కలదని ప్రసంగవశమున చెప్పుదును: 1977లో బెంగుళూరి రామన్ పరిశోధనాసంస్థలో ఎస్. చంద్రశేఖర్, ఆయన సహచరులు కనుగొనిన బిళ్లల యాకారపు అణువుల ద్రవస్ఫటిక జాతియే, తరువాతి కాలమున టీఎన్ తెరల చూపుకోణమును విస్తరింపజేసిన పత్రములకు ఆధారమయ్యెను.

ఐపీఎస్ అని చెప్పగానే గరుకు లేనిదని తలచుట మాత్రము పొరపాటు. అణువులు ఎట్లు తిరిగినను, తుదకు వెలుగు మన కంటికి వచ్చునది పైపూత గుండా గదా! ఆ పైపూతదే మన కథలో నాయకస్థానము.

నునుపైన గాజుముఖము తనపై పడిన వెలుగులో నూటికి సుమారు నాలుగు పాళ్లు అద్దమువలె తిప్పికొట్టును. తలపై ట్యూబులైటును, వెనుక కిటికీయును ఉన్న మన పనిగదులలో ఆ నాలుగు పాళ్లే పుటమీద గీతయై నిలుచును. దానిని చెదరగొట్టుటకై తెర ముఖమును సూక్ష్మముగా గరుకుచేసి, దానిని మ్యాట్ తెర యని, యాంటీగ్లేర్ అని అమ్ముచున్నారు. బయటినుండి వచ్చు వెలుగును చెదరగొట్టు నా మిట్టపల్లములు లోపలినుండి వచ్చు వెలుగును మాత్రము విడిచిపెట్టునా? ఒక్కొక్క మిట్ట యొక చిన్న కటకమై, తన వెనుకనున్న చుక్కను ఒకచోట పెద్దది చేసి, ప్రక్కచోట చిన్నది చేసి, ఒకచోట ఎరుపు భాగమునే యెత్తి చూపి, వేరొకచోట ఆకుపచ్చను మాత్రమే ముందుకు తెచ్చి, సమముగా నుండవలసిన తెలుపును రంగురంగుల రేణువులుగా విరుగగొట్టును. తల కదిపినచో కటకమునకును చుక్కకును నడుమ వరుస మారును గనుక రేణువులును స్థానము మార్చుకొనును. తళుకునకు మూల మిదియే.

ఇందు విశేషమేమనగా, మిట్టల పరిమాణము చుక్క పరిమాణమునకు దగ్గరగా వచ్చినపుడే ఈ యుపద్రవము తీవ్రమగును. 15.6 అంగుళముల తెరపై 1366 అడ్డు, 768 నిలువు చుక్కలున్న పాత యంత్రములో ఒక్క చుక్క వెడల్పు 0.253 మిల్లీమీటరు, అందలి ఒక్కొక్క రంగుపట్టె 0.084. అట్టి స్థూలమైన చుక్కముందు సన్నని గరుకు నిరపాయముగా నుండెను. 14 అంగుళముల తెరపై 1920 అడ్డు, 1080 నిలువు చుక్కలు కూర్చగానే చుక్క 0.161కిని, పట్టె 0.054కిని దిగినవి, 13.3 అంగుళములలో 2560 అడ్డు, 1600 నిలువు కూర్చిన తెరలో చుక్క 0.112 మాత్రమే. పైపూతను ఆ దామాషాలో సన్నము చేయక పాతదానినే యతికించిన తెరలలో, చుక్కలు సన్నబడిన కొలది గరుకు హెచ్చును. చుక్కలు పెరిగిన తెర నునుపుగా నుండుననుట లోకాభిప్రాయము. ఇచ్చట దానికి నేరుగా విరుద్ధము జరుగుచున్నది. పూతకును చుక్కకును నడుమ దూరము పెరిగినను ఇదే ఫలము. కావుననే మందమైన స్పర్శగాజును అమర్చి దాని ముఖమును గరుకుచేసిన యంత్రములు, స్పర్శ లేని తమ జంట యంత్రములకంటె తెలుపులో వెనుకబడుట కలదు. 2010 ప్రాంతమున వచ్చిన పలు ఐపీఎస్ మానిటర్లు, రంగులలో సాటిలేనివైయుండియు, బరువైన పూతవలన తెల్లని పుటను చూపుటలో అపకీర్తి తెచ్చుకొనుటయు, పిమ్మట తయారీదారులు పూతను తేలికపరచుటయు ఈ రంగమున పరిచయమున్నవారెల్లరు నెరుగుదురు.

రెండవ కారణము పూతలో లేదు, లెక్కలో కలదు. ఎనిమిది బిట్ల ప్యానెలు ఒక్కొక్క రంగునకు 256 మెట్లు చూపగలదు. చౌక ప్యానెళ్లు పెక్కు ఆరు బిట్లవి, వానికి 64 మెట్లే. నడుమనున్న ఛాయను చూపవలసివచ్చినపుడు అవి దాని క్రిందిమెట్టును పైమెట్టును క్షణక్షణమునకు మార్చిమార్చి చూపి కంటిని నమ్మించును. ముదురు బూడిదరంగు నేలలో, సాయంసంధ్య ఆకాశపు ఛాయాచిత్రములో, శ్రద్ధగా చూచువారికి సన్నని చలనముగా నది బయటపడును. మూడవది స్పర్శ పొరలోని తీగల వల. ఓఎల్ఈడీ తెరలు గల ల్యాప్‌టాప్‌లలో కొన్నింటియందు ఈ వల తెల్లని నేలమీద సన్నని అల్లికయై కనబడును. ఆ ఓఎల్ఈడీ తెరలలోనే నాలుగవదియు కలదు: ప్రతి చుక్కయు స్వయముగా వెలుగును గనుక, చుక్కకును చుక్కకును నడుమనున్న స్వల్పభేదములు, వెలుగు బాగుగా తగ్గించి ముదురు బూడిదను చూపినపుడు, మరకలుగా తేలును.

ఈ నాలుగింటిని వేరుపరచుటకు పరికరములతో పనిలేదు. తల కదపనేర్చిన చాలును. తెల్లని నేలపై గరుకు కనబడి, తలతోపాటు కదలినచో అది పూతది. తల నిలిపియుంచినను కదలాడుచు, నడిమి ఛాయలలోనే కనబడి, పరిపూర్ణమైన తెలుపులో మాయమగునది లెక్కది. ఏలయన పూర్తి తెలుపునకు మెట్లను మార్చిమార్చి చూపవలసిన పనియే లేదు. తల కదపినను కదలక, తీరైన గళ్లుగా నుండునది తీగల వల. చీకటిలోనే కనబడి కదలక తీరు లేక యుండునది చుక్కల యసమానత. అక్షరశోధకునకు మొదటిదియు మూడవదియు పరమశత్రువులు. పెండ్లి ఆల్బములు చేయు మిత్రునకు రెండవదియు నాలుగవదియు. ఒకరికి మంచిదైన తెర మరియొకరికి చెడ్డదగుట కిదియే హేతువు. ఇరువురును ఒకే దుకాణములో ఒకే యంత్రమును గూర్చి వాదులాడుకొనుట నేను చూచితిని. ఇరువురును సత్యమే పలుకుచుండిరి.

వాదమునకు మరియొక కారణము కూడ కలదు. ఒకే పేరుగల, ఒకే రంగుగల, ఒకే ధరగల రెండు యంత్రములలో రెండు వేర్వేరు సంస్థల ప్యానెళ్లుండుట ఈ వ్యాపారమున సామాన్యాచారము. ల్యాప్‌టాప్ అమ్ము సంస్థ సాధారణముగా తెరను తాను చేయదు. ఎల్‌జీ డిస్‌ప్లే, ఏయూ ఆప్ట్రానిక్స్, బీఓఈ, ఇన్నోలక్స్, షార్ప్ వంటి వారియొద్ద కొనును. కొలతయు, చుక్కలును, వెలుగును సరిపోయినచో ఎవరిదైనను సరియే యనుకొనును. పూత గరుకు ఆ ఒప్పందపు పట్టికలో నుండినను కొనువాని పట్టికలో నుండదు. కావున మిత్రుని యంత్రము చూచి అదే పేరు చెప్పి తెప్పించుకొనినవాడు మోసపోవుటలో నాశ్చర్యము లేదు. అదృష్టవశమున ప్రతి ప్యానెలును తన పుట్టుపూర్వోత్తరములను తనయందే దాచుకొనియున్నది. వీసా (VESA) అను ప్రమాణసంస్థ 1994లో ఏర్పరచిన ఈడీఐడీ యను 128 బైట్ల చిన్న పత్రము తెరయందే నిక్షిప్తమైయుండును. దానిని చదివి చెప్పు చిన్న ప్రోగ్రాములు ఉచితముగా దొరకును. అందలి ప్యానెలు సంకేతము ఎల్‌పీ అని మొదలైనచో ఎల్‌జీ, ఎన్‌వీ అని మొదలైనచో బీఓఈ, ఎల్‌క్యూ అయినచో షార్ప్, బీ అక్షరము వెంట అంకె వచ్చినచో ఏయూ ఆప్ట్రానిక్స్, ఎన్ వెంట అంకె వచ్చినచో ఇన్నోలక్స్. బీ140హెచ్‌ఏఎన్ అన్నది విశాలకోణపు ప్యానెలు, బీ140హెచ్‌టీఎన్ అన్నది టీఎన్. నడుమ నొక్క యక్షరము భేదము, చూపులో నేలకును నింగికిని గల భేదము.

వర్ణవ్యాప్తినిగూర్చి రెండు మాటలు చాలును. 45 శాతము ఎన్‌టీఎస్‌సీ అని వ్రాసిన తెర ఎరుపును ఇటుకరంగుగా చూపును. 72 శాతమన్నది సుమారుగా ఎస్ఆర్‌జీబీ పూర్తి వ్యాప్తికి సమానము. ముఖచిత్రములు చేయువారు రెండవదానికి తక్కువైనది కొనరాదు. అక్షరములు మాత్రమే దిద్దువారు దీనికై అదనపు సొమ్ము పెట్టుట నా దృష్టిలో వ్యర్థము. ఆ సొమ్ము మంచి పూతకు పెట్టవలెను.

ఇక మన లిపికి ప్రత్యేకమైన చిక్కు. ద, ధ, థ లలో భేదము ఒక్క గీత, ఒక్క బిందువు. ఆరోగ్యవంతమైన కన్ను అరమీటరు దూరమున సుమారు 0.145 మిల్లీమీటరు వివరమును పట్టగలదు. 14 అంగుళముల తెరలోని చుక్క దాదాపు ఆ హద్దుననే యున్నది. అనగా చిన్న పాయింటులో థకారపు బిందువు ఒకటి రెండు చుక్కలమీదనే నిలిచియుండగా, దానిమీద గరుకు రేణువొకటి తళుకుమన్నచో ఆ బిందువు గతి యేమి? దీనికి తోడు అక్షరపు అంచులను నునుపుచేయుటకై మైక్రోసాఫ్టు సంస్థ 1998లో ప్రకటించిన క్లియర్‌టైప్ పద్ధతి, విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటు మనకు దొరకిన 2001 నాటికి, అడ్డుదిశలో మాత్రమే నునుపుచేయుచుండెను. నిలువుగీతలే ప్రధానముగా గల రోమను లిపికి అది చాలినది. తలకట్టులును సున్నలును వంపులును నిండిన మన యక్షరముల పైయంచులు మాత్రము మెట్లుమెట్లుగా నిలిచిపోయినవి. నిలువుదిశలోను నునుపుచేయు డైరెక్ట్‌రైట్ తరువాత వచ్చినది గాని, పాత పుటవిన్యాస ప్రోగ్రాములు వాడువారికి ఆ లాభము నేటికిని పూర్తిగా దక్కుటలేదు. రంగుపట్టెలు వరుసగా లేని ఓఎల్ఈడీ తెరలమీద ఈ క్లియర్‌టైప్ అంచులకు లేత రంగు జాలరును తగిలించును. ఆ తెరలలో నలుపు అద్భుతమైనను, చిన్న యక్షరములకు నేను వానిని సిఫారసు చేయకుండుటకు కారణమిది.

దుకాణమునకు వెళ్లినపుడు అక్కడ తిరుగుచుండు రంగురంగుల చలనచిత్రమును ఆపించి, నోట్‌ప్యాడ్ తెరచి, తెరనిండ తెలుపు పరచి, పోల్చు రెండు యంత్రముల వెలుగును సమానము చేయుడు; సమానము చేయనిచో వెలుగు హెచ్చినదే మంచిదిగా తోచి తీరును. పది పాయింట్లలో మీ పత్రిక పుట నొకటి పెట్టి, మీరు కూర్చుండు దూరముననే చదువుడు.

గరుకు తెర యిదివరకే కొనియున్నవారు పైపూతను తడిబట్టతో నానబెట్టి ఊడదీయు సాహసమునకు పూనుకొనవలదు. అది ధ్రువణపత్రముతో కూడ చినిగివచ్చుట తరచు. ప్యానెలు మార్పించుట దానికంటె సులభము. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడు సెంటరు వంటిచోట్ల మెకానికు మొదట అడుగు ప్రశ్న ముప్పది పిన్నులదా, నలుబది పిన్నులదా యని. రెండవది ఒరిజినలా, కంపాటిబులా యని. కంపాటిబుల్ అనగా పిన్నులును కొలతయు కలిసినదని మాత్రమే యర్థము. పూత యెవరిదో ఆ మాట చెప్పదు. మీకు కావలసిన ప్యానెలు సంకేతమును చివరి యక్షరములతో సహా కాగితముమీద వ్రాసియిచ్చి, బిగింపకముందే ప్యానెలు వెనుకనున్న చీటీతో సరిచూచుకొని, బిగించిన పిమ్మట తెల్లని నేల పరచి చూచినగాని సొమ్ము చెల్లింపకుడు.